మెస్సీయ శ్రమ, విమోచన: క్రయధనం ఎవరికి ముట్టింది?

శ్రమకాలం (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు) మొదలైతే చాలు, మా ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఒకే ప్రశ్న రకరకాలుగా తిరుగుతుంది. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, ఏ ఊరు తీసుకున్నా తెలుగు క్రైస్తవ ఇళ్లలో అమ్మ వైపు వాళ్లు బాప్టిస్టులు, నాన్న వైపు వాళ్లు లూథరన్లు, కోడలు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్), చిన్నబ్బాయి పెంతెకోస్తు కావడం మామూలే. పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టులు, కోరాపుట్-జయపురం వైపు జర్మనీ నుంచి బ్రెక్లుమ్ లూథరన్ మిషన్ వాళ్లు పనిచేసిన ఫలితం ఇది. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు విని ఇంటికి చేరాక ఒక్కొక్కరూ ఒక్కో వివరణ చెబుతారు. మన శిక్షను ఆయన అనుభవించాడని ఒకరు, సాతాను చెర నుంచి మనల్ని కొనుక్కున్నాడని ఒకరు, దేవుడి ప్రేమ ఎంతటిదో చూపించాడని ఇంకొకరు. యూట్యూబ్‌లో బోధకుల వాదోపవాదాలు సరేసరి. ఇక పక్కింటి స్నేహితుడు అడిగేది ఇంకా సూటిగా ఉంటుంది: "ఆయన దేవుడైతే ఎందుకు దెబ్బలు తిన్నాడు? తింటే మీ పాపం ఎలా పోయింది?"

నిజానికి ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మెస్సీయ శ్రమపడాలని ఎక్కడుంది అన్నది లేఖనాలకు సంబంధించిన ప్రశ్న. ఆ శ్రమ వల్ల విమోచన ఎలా కలిగింది అన్నది సిద్ధాంతానికి సంబంధించినది. రెండింటినీ కలిపి వాదించుకోవడం వల్లే సగం గందరగోళం.

రాజు కోసం చూస్తే సిలువ కనిపించింది

మెస్సీయ అంటే అభిషేకం పొందినవాడు. పాత నిబంధనలో రాజులకూ యాజకులకూ నూనెతో అభిషేకం చేసేవారు. యూదులను బబులోను చెర నుంచి ఇంటికి పంపిన పారసీక రాజు కోరెషును కూడా యెషయా 45వ అధ్యాయం దేవుడి అభిషిక్తుడనే పిలిచింది. అంటే ఆ మాటలో మొదట్లో దైవత్వం లేదు, బాధ అంతకన్నా లేదు. దావీదు వంశంలో ఒక రాజు వస్తాడు, పరాయి పాలన పోతుంది, న్యాయం నిలబడుతుంది అన్న ఆశ శతాబ్దాల మీద ఆ మాట చుట్టూ పేరుకుంది. రోమా పాలన కింద నలిగిపోతున్న ఒకటో శతాబ్దపు యూదులకు అది రాజకీయమైన ఆశ కూడా.

అందుకే సువార్తల్లో శిష్యులే తడబడతారు. మార్కు 8వ అధ్యాయంలో పేతురు "నీవు క్రీస్తువు" అంటాడు. మనుష్యకుమారుడు (తనను గురించి యేసు వాడిన పేరు) శ్రమపడి చంపబడాలని యేసు చెప్పగానే అదే పేతురు ఆయన్ని పక్కకు తీసుకెళ్లి గద్దిస్తాడు. లూకా 24లో ఎమ్మాయు దారిలో నడుస్తున్న ఇద్దరి మాట ఇంకా దిగులుగా ఉంటుంది. ఇశ్రాయేలును విమోచించేవాడు ఈయనే అని ఆశపడ్డాం అంటారు. ఆశపడ్డాం అన్నారు గాని ఆశపడుతున్నాం అనలేదు. వాళ్ల లెక్కలో సిలువతో కథ ముగిసింది.

వాళ్లను తప్పుపట్టలేం. మ్రానుపై వేలాడదీసినవాడు దేవుడి శాపానికి గురైనవాడని ద్వితీయోపదేశకాండము 21:23 అంటుంది. సిలువ మీద చనిపోయిన మెస్సీయ అంటే అప్పటి యూదుడి చెవికి పొంతన లేని మాట. పౌలు కూడా దీన్ని దాచలేదు. సిలువ వేయబడిన క్రీస్తు యూదులకు ఆటంకం, అన్యజనులకు వెర్రితనం అని 1 కొరింథీయులకు 1:23లో తానే రాశాడు.

సిలువ శిక్ష మాత్రం చరిత్రకారులు పెద్దగా సందేహించని విషయం. పొంతి పిలాతు యూదయను పాలించింది క్రీ.శ. 26-36 మధ్య. క్రీస్తు అతని చేతిలో మరణశిక్ష పొందాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రెండో శతాబ్దం తొలినాళ్లలో రాశాడు. పిలాతు పేరున్న రాతి శాసనం 1961లో కైసరయలో దొరికింది. ఖురాన్ (4:157) మాత్రం ఈసాను (యేసును) వాళ్లు చంపలేదు, సిలువ వేయలేదు, వాళ్లకు అలా అనిపించింది అంటుంది. ఆయన్ని మసీహ్ (మెస్సీయ) అని ఒప్పుకుంటూనే సిలువను కాదంటుంది కాబట్టి ముస్లిం పొరుగువారితో ఈ మాట వచ్చినప్పుడు తేడా బిరుదు దగ్గర కాదు, సిలువ దగ్గర మొదలవుతుంది.

యెషయా 53లోని సేవకుడు ఎవరు?

శిష్యులు ఈ చిక్కును లేఖనాలు తిరగేసి విప్పుకున్నారు. అన్నిటికన్నా ఎక్కువగా ఆసరా దొరికింది యెషయా 52:13 నుంచి 53 చివరిదాకా ఉన్న భాగంలో. "మన యతిక్రమక్రియలనుబట్టి అతడు గాయపరచబడెను" అన్న వాక్యం మా వైపు సండే స్కూల్ పిల్లలకు కంఠతా వచ్చు. ఆ భాగంలో మెస్సీయ అన్న మాట ఒక్కసారి కూడా లేదని చాలామంది గమనించరు. ఉన్నది "సేవకుడు" మాత్రమే.

ఆ సేవకుడు ఎవరన్న ప్రశ్న బైబిల్ లోపలే ఉంది. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన అధికారి రథంలో కూర్చుని ఈ భాగమే చదువుతూ, ప్రవక్త చెప్పేది తన గురించా, వేరొకరి గురించా అని ఫిలిప్పును అడుగుతాడు. ఫిలిప్పు అక్కడి నుంచి మొదలుపెట్టి యేసు గురించి చెప్పాడు. క్రైస్తవుల జవాబు అదే.

యూదుల్లో ఎక్కువమంది జవాబు వేరు. సేవకుడంటే ఇశ్రాయేలు జనమే, జనాల మధ్య హింసలు పడ్డ మొత్తం జాతిని ఒక మనిషిగా చెప్పారు అంటారు. దీనికి గట్టి ఆధారమే ఉంది. "ఇశ్రాయేలూ, నీవు నా సేవకుడవు" అన్న మాట యెషయా 41:8లో, 44:1లో, 49:3లో పేరుతో సహా వస్తుంది. 11వ శతాబ్దపు ఫ్రాన్సులోని రాషి ఈ వివరణకు పేరుపడ్డ వ్యాఖ్యాత. అందుకని క్రైస్తవులకు జవాబుగా రాషి దీన్ని కొత్తగా పుట్టించాడని కొందరు బోధకులు చెబుతుంటారు. అది సరికాదు. యూదులు ఈ భాగాన్ని మొత్తం జాతికి వర్తింపజేస్తున్నారని 3వ శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఒరిగెన్ రాసిపెట్టాడు.

అలాగని యూదుల్లో మెస్సీయ వివరణే లేదనడమూ సరికాదు. ప్రవక్తల గ్రంథాలకు అరామిక్‌లో వచ్చిన పాత అనువాదం తార్గుము ఈ సేవకుణ్ణి మెస్సీయ అనే అంటుంది. విచిత్రం ఏమిటంటే దెబ్బలను మాత్రం ఆయన మీద నుంచి తీసి ఇతరుల మీదికి మళ్లిస్తుంది. యూదు రబ్బీల చర్చల సంకలనమైన తల్మూదులో మెస్సీయ పేర్లు చర్చించే చోట యెషయా 53:4ను ఎత్తిచూపి, ఆయన్ని రోగంతో బాధపడేవాడిగా చెప్పిన మాట ఒకటుంది.

క్రైస్తవుల వైపు నుంచి వచ్చే ఎదురు ప్రశ్నలోనూ పస ఉంది. 49:3లో సేవకుడు ఇశ్రాయేలే అయితే, రెండు వచనాలు దాటగానే ఇశ్రాయేలును తిరిగి దేవుడి దగ్గరికి తెచ్చే పని ఆ సేవకుడిదే అని ఎలా వస్తుంది? 53:8లో "నా జనుల" అతిక్రమం కోసం మొత్తబడ్డాడంటే జనం వేరు, అతడు వేరు కావాలి కదా? చెరలో నమ్మకంగా నిలిచిన కొద్దిమందే ఆ సేవకుడు, మిగతా జనం కోసం బాధపడ్డది వాళ్లే అని దీనికి యూదు వ్యాఖ్యాతల్లో కొందరు జవాబు చెబుతారు.

ఇవన్నీ చూశాక నాకు తోచేది ఇది. యెషయా 53 చదివి శ్రమపడే మెస్సీయ కోసం ఎదురుచూసినవాళ్లు యేసుకు ముందు ఎవరైనా ఉంటే చాలా కొద్దిమందే. శిష్యులు ముందు సిలువను చూశారు, పునరుత్థానాన్ని నమ్మారు, ఆ తర్వాత వెనక్కి తిరిగి యెషయాను చదివారు. లూకా 24 కూడా ఈ వరుసలోనే చెబుతుంది. ఇది విశ్వాసాన్ని బలహీనపరుస్తుందా అంటే, ఆ ఇద్దరు శిష్యులను బలహీనపరచలేదు.

దెబ్బలచేత స్వస్థత: ఏ స్వస్థత?

ఇదే అధ్యాయంలోని ఇంకో మాట మా ఊళ్లలో నిజమైన టెన్షన్ తెచ్చిపెడుతుంది. "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అన్న 53:5 స్వస్థత కూటముల బ్యానర్ల మీద కనిపిస్తుంది. విమోచనలో పాపక్షమాపణ ఎంత ఖాయమో దేహానికి ఆరోగ్యం కూడా అంతే ఖాయం అన్నది పెంతెకోస్తు సంఘాల్లో బలంగా ఉన్న బోధ. లూథరన్, బాప్టిస్టు పాస్టర్లలో చాలామంది ఒప్పుకోరు. ఇక్కడ స్వస్థత అంటే పాపం నుంచి అంటారు.

కొత్త నిబంధన ఇద్దరికీ ఊతం ఇస్తుంది. 1 పేతురు 2:24 ఈ దెబ్బల మాటను పాపాల సందర్భంలోనే వాడింది. మత్తయి 8:17 మాత్రం పై వచనాన్ని, అంటే 53:4ను, యేసు రోగులను బాగుచేసిన సందర్భంలో వాడింది. అప్పటికి సిలువ ప్రస్తావనే లేదు. కాబట్టి దేహ స్వస్థత అనేవాళ్లు మత్తయిని చూపిస్తారు, కాదనేవాళ్లు పేతురును చూపిస్తారు. ప్రార్థించినా బాగుపడని రోగికి ఏం చెప్పాలన్న దగ్గర మొదటి పక్షం ఇబ్బంది పడుతుంది. యేసు అంతమంది రోగులను ఎందుకు ముట్టుకున్నాడన్న దగ్గర రెండో పక్షం మాట తేలిపోతుంది.

చేసుకున్నవాడికి చేసుకున్నంత

ఇప్పుడు పక్కింటి స్నేహితుడి ప్రశ్న. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ అన్న సామెత తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన న్యాయబుద్ధి. ఎవరి కర్మ వాళ్లు అనుభవించాలి. ఒకరి పాపానికి ఇంకొకరు బాధపడితే అది న్యాయం ఎలా అవుతుంది?

చిత్రంగా బైబిల్లోనూ ఈ సామెతకు తోబుట్టువు ఉంది. యెహెజ్కేలు 18:20 పాపం చేసినవాడే చస్తాడు, తండ్రి దోషాన్ని కొడుకు మోయడు అంటుంది. యెషయా 53 చూస్తే అందరి దోషం ఒకరి మీద పడిందంటుంది. రెండూ చెర కాలపు యూదుల ముందున్న ప్రశ్నలకు సంబంధించినవే. క్రైస్తవ వేదాంతులు సాధారణంగా ఇలా తేల్చుతారు: యెహెజ్కేలు చెప్పేది బలవంతంగా ఒకరి శిక్షను ఇంకొకరి మీద వేయడం గురించి, సిలువ మాత్రం ఇష్టపూర్వకం. "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అన్న యోహాను 10:18 ఇందుకే ముఖ్యం. ఇష్టంగా మోసినంత మాత్రాన దోషం చేతులు మారుతుందా అని విమర్శకులు మళ్లీ అడుగుతారు. జరిమానా ఇంకొకరు కట్టొచ్చు గానీ జైలుశిక్ష ఇంకొకరు అనుభవిస్తే ఏ కోర్టూ ఒప్పుకోదు కదా అన్నది వాళ్ల వాదన. దీనికి జవాబు చెప్పాలంటే, అసలు విమోచనకు ఏ పోలిక వాడుతున్నాం అన్నది తేల్చుకోవాలి.

గోతిని విడిపించిన అన్న

కోరాపుట్, రాయగడ ఏజెన్సీలో పాతతరం వాళ్లకు గోతి అంటే వివరించక్కర్లేదు. పెళ్లికో, చావు ఖర్చుకో సాహుకారు దగ్గర అప్పు తెచ్చిన మనిషి అది తీరేదాకా అతని పొలంలో, ఇంట్లో చాకిరీ చేయాలి. వడ్డీ పెరుగుతూ పోతుంది, చాకిరీ మాత్రం లెక్కలోకి రాదు. తండ్రి పోతే కొడుకు గోతి అవుతాడు. లేవీయకాండము 25:47-49లో ఉన్నది దాదాపు ఇదే పరిస్థితి. బీదతనంతో తనను తాను అమ్ముకున్నవాణ్ణి అతని అన్నదమ్ముల్లో ఒకడు వచ్చి విడిపించవచ్చు అంటుంది. విమోచన అన్న మాట వేళ్లు ఈ నేలలో ఉన్నాయి.

సోమయ్య అనే గోతి ఉన్నాడనుకుందాం. అతని అన్న తన ఎడ్లను అమ్మి అప్పు కట్టి ఇంటికి తెచ్చాడు. యేసు "అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా" (విడిపించడానికి కట్టే ధరగా) తన ప్రాణం ఇవ్వడానికి వచ్చానని మార్కు 10:45లో అన్నప్పుడు వినేవాళ్ల మనసులో మెదిలే బొమ్మ ఇలాంటిదే. ఎడ్లు పోయాయి, తమ్ముడు వచ్చాడు. బొమ్మ అక్కడిదాకా స్పష్టంగానే ఉంది.

చిక్కు తర్వాతి ప్రశ్నతో వస్తుంది. డబ్బు ముట్టింది సాహుకారుకు. మరి సిలువ విషయంలో సాహుకారు ఎవరు?

తొలి శతాబ్దాల్లో చాలామంది సాతాను అన్నారు. మనుషులు పాపం వల్ల వాడి చెరలో పడ్డారు, వాడికి క్రీస్తు ప్రాణం క్రయధనంగా ఇచ్చారు, తీరా ఆయన్ని పట్టి ఉంచడం వాడి వల్ల కాలేదు అని. 4వ శతాబ్దపు నిస్సా గ్రెగొరీ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, దైవత్వం అనే గాలాన్ని మానవ దేహం అనే ఎర కింద దాచి సాతానును పట్టారన్నాడు. అతని స్నేహితుడు నాజియాంజస్ గ్రెగొరీకి ఇది నచ్చలేదు. దొంగకు ఎదురు డబ్బు కట్టడమా, అదీ దేవుణ్ణే ధరగా? పోనీ తండ్రికి కట్టారందామా అంటే, అబ్రాహాము కొడుకు ఇస్సాకు బలినే ఒప్పుకోని తండ్రి కుమారుడి రక్తం కోరతాడా? ఇలా రెండు వైపులా తలుపు మూసేశాడు. ఆ మాటకొస్తే, యెషయా 53కు కాస్త ముందే 52:3లో రూకలు ఇవ్వకుండానే విమోచన పొందుతారని ఉంది. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులను విడిపించినప్పుడు ఫరోకు దేవుడు పైసా కట్టలేదు.

11వ శతాబ్దం చివర్లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ సాతానును లెక్కలోంచే తీసేశాడు. బాకీ దేవుడికే అన్నాడు. మనిషి దేవుడికి ఇవ్వాల్సిన ఘనత ఇవ్వలేదు. ఆ లోటు పూడ్చాల్సింది మనిషి, పూడ్చగలిగింది దేవుడొక్కడే, కాబట్టి దేవుడే మనిషి కావాల్సి వచ్చింది. దొరల మర్యాద మీద నడిచిన ఆనాటి ఐరోపాలో ఈ తర్కం ఇట్టే అర్థమైంది. 16వ శతాబ్దంలో న్యాయశాస్త్రం చదువుకున్న జాన్ కాల్విన్ దీన్నే కోర్టు భాషలో చెప్పాడు: పోయింది ఘనత మాత్రమే కాదు, మీరినది చట్టం, పడాల్సింది శిక్ష, అది క్రీస్తు మీద పడింది. మా వైపు ప్రసంగాల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది ఇదే. బలం ఎక్కడంటే, పాపాన్ని తేలిగ్గా తీసుకోదు. బలహీనత ఎక్కడంటే, సరిగ్గా చెప్పకపోతే కోపిష్టి తండ్రి అమాయకుడైన కొడుకును కొట్టి చల్లబడ్డట్టు వినిపిస్తుంది. తండ్రీ కుమారులది ఒకే చిత్తం అని కాల్విన్ వారసులు గుర్తుచేస్తూనే ఉంటారు. అంతదాకా ప్రసంగంలో చెప్పే ఓపిక అందరికీ ఉండదు.

అన్సెల్మ్ తర్వాతి తరంలో పీటర్ అబెలార్డ్ వేరే దారి పట్టాడు. సిలువ దేవుడి మనసును మార్చలేదు, మన మనసును మారుస్తుంది అన్నాడు. సోమయ్య కథలో అన్న డబ్బు సంగతి పక్కనపెట్టి తానే వచ్చి తమ్ముడి గుడిసెలో ఉండి, అతని కాడి కింద భుజం పెడితే ఎలా ఉంటుందో అలా. మనసు కదులుతుంది, నిజమే. కానీ సోమయ్య ఇంకా గోతిగానే ఉన్నాడు కదా అన్నది దీనికి పాత ఆక్షేపణ.

1930ల్లో స్వీడన్ లూథరన్ వేదాంతి గుస్టాఫ్ ఔలెన్, తొలి సంఘం నిజంగా నమ్మింది చెల్లింపును కాదు, విజయాన్ని అన్నాడు. క్రీస్తు పాపాన్నీ మరణాన్నీ సాతానునూ ఓడించి మనుషుల్ని విడిపించాడు. ఈ వివరణ మా ప్రాంతం వాళ్లకు అందరికన్నా బాగా అర్థమవ్వాలి. ఎందుకంటే ఒడిశాలో 1948లో అప్పు బానిసత్వాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ వచ్చినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే. గోతుల తరఫున ఎవరూ సాహుకార్లకు బాకీ కట్టలేదు. ఆ బాకీకి ఉన్న పట్టే తెగిపోయింది. సాహుకారు ఎవరన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు ఉంది, చెల్లింపు మాత్రం లేదు. అయితే అంత సులువుగా తెగేదైతే సిలువ ఎందుకు, ఆజ్ఞ చాలదా అని అన్సెల్మ్ పక్షం అడుగుతుంది. ఆ ప్రశ్న ఔలెన్‌కు అంత తేలిగ్గా లొంగదు.

సంఘం తేల్చింది ఎంత, వదిలేసింది ఎంత

త్రిత్వం గురించి నీకేయలో 325లో, క్రీస్తు స్వభావాల గురించి కల్కెదోనులో 451లో సభలు పెట్టి మాటమాటా తేల్చిన సంఘం, సిలువ ఎలా రక్షిస్తుందన్నది మాత్రం ఏ సార్వత్రిక సభలోనూ తేల్చలేదు. మన కోసం సిలువ వేయబడ్డాడు, శ్రమపడ్డాడు, సమాధి చేయబడ్డాడు అని నీకేయ విశ్వాస ప్రమాణం చెప్పి ఆగిపోతుంది. "మన కోసం" అన్నది విశ్వాసం. ఎలాగన్నది వివరణ. నాలుగు సంఘాల వాళ్లున్న ఇంట్లో జరిగే వాదన చాలావరకు రెండో దాని మీదే.

దేవుడు బాధపడగలడా అన్నది పక్కనే ఉన్న ఇంకో చిక్కు. దైవస్వభావానికి బాధ అంటదు, క్రీస్తు తన మానవ స్వభావంలో బాధపడ్డాడు అన్నది పాత సంప్రదాయం. యుద్ధఖైదీగా ఉండి వచ్చిన జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మాన్ 1972లో దీన్ని సవాలు చేశాడు. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న కేకలో తండ్రి కూడా కుమారుణ్ణి పోగొట్టుకున్న బాధ పడ్డాడన్నాడు. మన దేశంలో 1980ల్లో అర్వింద్ నిర్మల్ దళిత వేదాంతాన్ని మొదలుపెట్టినప్పుడు ఆధారం చేసుకున్నదీ యెషయా 53లోని సేవకుణ్ణే. చూపులకు ఆనని, జనం మొహం తిప్పుకున్న ఆ సేవకుడిలో దళితుడు తనను చూసుకోగలడన్నాడు. బాధను ఇలా పవిత్రం చేస్తే బాధపెట్టేవాళ్లకు వెసులుబాటు ఇచ్చినట్టు కాదా అన్న ప్రశ్న ఆ వేదాంతం లోపలి నుంచే, ముఖ్యంగా స్త్రీల నుంచి, వచ్చింది.

విమోచన జరిగిపోతే ఇంకా ఈ బాధలేమిటి?

1948లో రద్దయినా గోతి పద్ధతి ఊళ్లలోంచి ఒక్కరోజులో పోలేదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మళ్లీ దేశమంతటికీ రావాల్సి వచ్చింది.  పౌలు రాతల్లోనూ విమోచన ఇలా రెండు కాలాల్లో నడుస్తుంది. ఎఫెసీయులకు 1:7లో విమోచన మనకు కలిగి ఉందంటాడు. రోమీయులకు 8:23లో దేహం యొక్క విమోచన కోసం కనిపెడుతూ మూలుగుతున్నామంటాడు. స్వస్థత మీద పైన చెప్పిన పేచీ కూడా చివరికి ఈ రెండు వచనాల మధ్య ఎక్కడ నిలబడాలన్నదే. పెంతెకోస్తులు మొదటి దానికి దగ్గరగా, లూథరన్లు రెండో దానికి దగ్గరగా నిలబడతారు.

ఇక ఎప్పుడు చదివినా పాస్టర్లను ఇబ్బంది పెట్టే వచనం కొలొస్సయులకు 1:24. క్రీస్తు పాట్లలో కొదువైన వాటిని తన శరీరంలో సంఘం కోసం పూర్తిచేస్తున్నానని పౌలు అక్కడ అంటాడు. సిలువలో కొదువ ఏముంటుంది? విశ్వాసులు తమ బాధలను క్రీస్తు బాధతో కలిపి ఇతరుల కోసం అర్పించవచ్చు అని కాథలిక్కులు దీన్ని చదువుతారు. రక్షించడంలో కొదువ ఏమీ లేదు, ఆ వార్తను ఊరూరా చేర్చడంలో పడాల్సిన పాట్లే మిగిలాయి అని ప్రొటెస్టంట్లు చదువుతారు. పౌలు ఈ ఉత్తరం జైల్లో ఉండి రాశాడన్నది రెండు పక్షాలకూ తెలుసు.